చీమకు అడ్మిషన్ లేదు

పసిపిల్లలు ప్రకృతి ఒడిలో పెరగాలంటే ముందుగా ప్రకృతిని బయటికి గెంటి తలుపు గడియ పెట్టాలి. నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను!

ఒక లిఫ్ట్ మెకానిక్ ఉన్నాడు. ఆయన కూతురికి ఏడాదిన్నర. ఇంట్లో అందరూ ఆ పిల్లను చిట్టెలుక అంటారు. ఆయన పట్టుబట్టి ఆ పిల్లను ఒక బిల్డింగులో మూడో అంతస్తులో ఉన్న నేచర్ స్కూల్లో చేర్చాడు.

ఎంత గొప్ప బడి! నేలంతా ప్లాస్టిక్ పచ్చిక. స్పీకర్లో కోయిల, అది కూడా టైమ్‌టేబుల్ ప్రకారం పది నుంచి పదింపావు దాకానే కూస్తుంది. ఆకులన్నిటికీ లామినేషన్. మట్టినైతే మూడుసార్లు జల్లించి, ఉడకబెట్టి, సెంటు కొట్టి, పిల్లల చేతులకు గ్లౌజులు తొడిగాకే ముందు పెడతారు. పసివాళ్ల మీద ఇంతకన్నా శ్రద్ధ ఎవరికుంటుంది చెప్పండి?

ఒకరోజు కిటికీ సందులోంచి నిజం చీమ ఒకటి లోపలికొచ్చింది. "అందరూ బయటికి!" అని టీచరమ్మ పెట్టిన కేకకు బిల్డింగంతా ఖాళీ! బడికి రెండు రోజులు సెలవు. చీమకు అడ్మిషన్ లేదు మరి!

సెలవులయ్యాక రిపోర్టు కార్డు చేతికొచ్చింది. 'ప్రకృతిపై ఆసక్తి: సున్నా.'

మెకానిక్ టీచరమ్మ దగ్గరికి పరిగెత్తాడు. "మా పిల్ల ఏం చేసింది మేడమ్?"

"సీతాకోకచిలుక బొమ్మ చూపిస్తే ఆవలించిందండీ. ఇలాగైతే పై క్లాసుకి పంపలేం."

ఏడాదిన్నరకే ఫెయిలా! ఆయనకు అన్నం సయించలేదు. అట్టముక్కతో సీతాకోకచిలుకను చేసి, వారం రోజులు పిల్ల ముందు ఎగరేశాడు. రెక్కల చప్పుడు కూడా తనే నోటితో చేశాడు. పిల్ల దాన్ని శుభ్రంగా నమిలేసింది.

సోమవారం బడికి వచ్చేసరికి వాన. మెట్ల దగ్గర ఆయన గొడుగు ముడిచేలోగా చిట్టెలుక చంకలోంచి జారి, పోయి పోయి నీటిగుంటలో చతికిలబడింది. రెండు చేతులా బురద చరిచింది. వానపాము కనబడితే దాని వెనకే పాకింది. "నానా! దా! దా!" అని ఒకటే కేరింతలు. ఆసక్తి సున్నా ఉన్న పిల్ల!

ఆయన "ఛీ, ఛీ" అనబోయాడు. కానీ చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి, తనూ పక్కన చేరాడు.

మూడో అంతస్తు కిటికీ తెరుచుకుంది. "సార్! బయటేం చేస్తున్నారు? నేచర్ క్లాస్ మొదలైంది, పాపని పైకి తీసుకురండి!"

మెకానిక్ మొహమ్మీది బురద తుడుచుకుని, తలెత్తి, మహా దీనంగా చెప్పాడు.

"ఇవాళ పాపకి ఒంట్లో బాలేదు మేడమ్, లీవ్ ఇవ్వండి!"