ముందు బెంచీలో ఎవరు కూర్చోవాలి

ఒక పెద్ద అడవిలో అన్నీ పెద్దవే, బడి తప్ప. ప్రాథమిక పాఠశాల అంటే ఒకటే గది, ఒకటే నల్లబల్ల, ఒకే ఒక్క టీచరు. ఆ టీచరు సుభాషిణి అనే కుందేలు.

ఇన్నాళ్లూ పిల్లలు నేలమీదే కూర్చునేవారు. ఆ ఏడు కొత్త బెంచీలొచ్చాయి. సుభాషిణి ఓ పూటంతా వాటిని ఈడ్చి, జరిపి, తనకు తోచినట్టు సర్దింది. చుంచెలుక పిల్ల మల్లికకు చూపు ఆనదు, అందుకని నల్లబల్ల ఎదురుగా. ఆ వెనక ఉడతలు, ఆపైన కోతులు. ఏనుగు పిల్లవాడు చిట్టిబాబు గోడవారన ఆఖరి బెంచీలో. వాడికి అక్కణ్ణుంచి అందరి తలల మీదుగా బల్ల శుభ్రంగా కనబడేది.

ఆ వారమే మల్లిక మొదటిసారి 'అల' అని కూడబలుక్కుని చదివింది. సుభాషిణికి ఆ పూట ఆకలే వెయ్యలేదు.

ఆ సంతోషం విద్యా కమిటీ అధ్యక్షుడు భద్రయ్య వచ్చేదాకా ఉంది. భద్రయ్య చిట్టిబాబు తండ్రి.

"మావాడు వెనక బెంచీలోనా?" అన్నాడు గుమ్మంలో ఇరుక్కుని.

"వాడికి అక్కడ బాగా కనిపిస్తుందండీ."

"వాడికి కనిపించడం కాదు టీచరమ్మా. వాడు కనిపించాలి."

"నాకిక్కడే బాగుంది నాన్నా," అన్నాడు చిట్టిబాబు.

"పెద్దవాళ్లు చదువు గురించి మాట్లాడుతుంటే మధ్యలో రాకు."

సాయంత్రం కమిటీ కూడింది.

"బెంచీలకు కొట్టిన చెట్లు మా వాటాలోవి," అంది ఎలుగుబంటి కోటమ్మ. "మా కవలలు ముందుండాల్సిందే."

"మా వంశంలో ఎవరూ రెండో వరస ఎరగరు," అన్నాడు అడవిదున్న నరసింగరావు.

మల్లిక తల్లి కూడా ఏదో అంది. ఆవిడ కూర్చున్నది భద్రయ్య వెనకాల కాబట్టి ఎవరికీ వినపడలేదు.

"చిన్నపిల్లలకు బల్ల కనిపించదండీ," అంది సుభాషిణి.

"వినపడుతుందిగా? మేమంతా విని చదువుకున్నవాళ్లమే," అన్నాడు భద్రయ్య. ఆయన బడి మొహం చూడలేదని అందరికీ తెలుసు. అందుకే ఎవరూ కాదనలేదు.

మర్నాడు సుభాషిణి బెంచీలన్నీ మళ్లీ ఈడ్చింది. చిట్టిబాబు, ఎలుగు కవలలు, దున్నపిల్ల ముందుకొచ్చారు. మిగతా బడంతా వాళ్ల వెనక్కి వెళ్లింది.

"టీచర్, ఇవాళ బల్లమీద ఏమీ రాయలేదేం?" అని అడిగింది మల్లిక.

ఆ పిల్ల చూస్తున్నది చిట్టిబాబు వీపు. 

ఆ తర్వాత కొన్నాళ్లకే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నక్క. కుర్చీలో సర్దుకుని కూర్చుని, ఎదురుగా చూశాడు.

"నలుగురేనా పిల్లలు?"

"వెనక చాలామంది ఉన్నారు సార్. ఒక్కసారి లేచి చూడండి."

"లేచి లెక్కపెట్టమని రూల్సులో ఎక్కడా లేదమ్మా."

సుభాషిణి కంగారుగా చిట్టిబాబు వైపు చూసింది. వాడికి అర్థమైంది. వెనకవాళ్లు కనిపించేలా వంగబోయాడు. కిటికీ బయట కమిటీతో సహా నిలబడి చూస్తున్న భద్రయ్య గట్టిగా దగ్గాడు.

"నిటారుగా కూర్చోరా. అయ్యగారు చూస్తున్నారు."

వాడు నిటారుగా కూర్చున్నాడు. అయ్యగారు చూశారు. నలుగురు పిల్లల కోసం ఒక బడి దండగని పైకి రాశారు. బడి మూసేసి, ఏటి అవతలి బడిలో కలిపేశారు. సుభాషిణిని మరో అడవికి బదిలీ చేశారు.

"అంతమంది పిల్లలుంటే ఆయనకు చెప్పొద్దూ?" అని భద్రయ్య ఆవిడనే కోప్పడ్డాడు.

అడవి విడిచి వెళ్లేరోజు సుభాషిణి ఏటి ఒడ్డున కాసేపు ఆగింది. మల్లికను, ఉడతలను వీపుమీద ఎక్కించుకుని చిట్టిబాబు నీళ్లలో నడిచిపోతున్నాడు. అవతలి బడిలో చోటు లేక కొత్తగా వచ్చినవాళ్లను వరండాలో కూర్చోబెట్టారట.

"వరండాలో ఎవరు కూర్చున్నా, అందరికంటే ముందు మావాడే," అని భద్రయ్య కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

నీతి: బడిలో బెంచీలు ముందుగా తల్లిదండ్రులకు వెయ్యాలి, పిల్లలు ఎక్కడ కూర్చున్నా చదువుకుంటారు.