కొలతల పుస్తకంలో 'నాలాగే'

ఆ రోజు టైలర్ మాస్టారి పథకం చాలా చిన్నది. పది గంటలకి ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళి కోటు ఇవ్వాలి, ఒకసారి తొడిగి చూపించాలి, పదకొండున్నరకల్లా ఇంటికొచ్చి అరకప్పు సూప్ తాగాలి. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ మాస్టారి పథకాలన్నీ అరకప్పుల్లోనే నడుస్తున్నాయి.

పొట్ట తగ్గించే ఆపరేషన్ జరిగి పది వారాలైంది. నూట ఇరవై ఎనిమిది కిలోల మనిషి నూట ఒకటికి దిగారు. ముప్ఫయ్యేళ్ళుగా కోట్లు కుడుతున్నవారు కనక సర్జన్ పనితనం మీద ఆయనకి ఒకే ఒక్క ఫిర్యాదు ఉంది. "కత్తిరించడం బాగానే కత్తిరించాడే. కానీ లోపల గుడ్డ వదలకుండా కుట్టేశాడు. రేపెప్పుడైనా కాస్త వదులు చేసుకోవాలంటే ఎలా?" అన్నారు భార్యతో.

"వదులు చేసుకోకూడదనే అలా కుట్టారు" అందావిడ.

డాక్టరు చెప్పినవన్నీ ఆవిడ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ఒక్కో ముద్దా ఇరవై అయిదు సార్లు నమలాలి. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు. తక్కిన వేళల్లో గుక్క గుక్కగా తాగుతూనే ఉండాలి. మాత్రలు మరవకూడదు. రోజూ నలభై అయిదు నిమిషాలు నడవాలి. మాస్టారు అన్నీ పాటిస్తున్నారు, ఆ చివరిది తప్ప. చివరి వాక్యం కనబడకుండా దాని మీద టమాటా ఆకారంలో ఉన్న అయస్కాంతం ఒకటి ఆయనే తెచ్చి పెట్టారు. నీళ్ళ సంగతి మాత్రం భార్య ఎవరికీ వదిలిపెట్టలేదు. తన గొంతే ఆయన ఫోనులో అలారంగా పెట్టింది. పావుగంటకోసారి జేబులోంచి "రెండు గుక్కలు! రెండే!" అని వినబడుతుంది.

ఇంతకీ చిత్రమేమిటంటే, మాస్టారు చేయని ఆ చివరి పని ఒక్కటే ఊరందరికీ చెప్పుకున్నారు. ఆపరేషన్ మాట ఇల్లు దాటలేదు. షాపులో కాజాలు కుట్టే పెద్దాయనకి కూడా తెలియదు. అందరూ ఆయన్ని కాజాల బాబాయి అంటారు. "ఎలా తగ్గారు మాస్టారూ?" అని ఎవరడిగినా జవాబు ఒకటే. "నడకేనండీ. తెల్లారి అయిదింటికి." 'కోయించుకుని తగ్గాడట' అని నలుగురూ నవ్వుతారేమోనని ఆయనకి భయం. ఆ భయం కూడా ఆపరేషన్ తర్వాత కాస్త చిక్కుతుందనుకున్నారు గానీ చిక్కలేదు.

అందరికన్నా ఎక్కువగా నమ్మినవారు ప్రిన్సిపాల్ గారు. ఆయన మాస్టారికి పద్ధెనిమిదేళ్ళ ఖాతాదారు, ఒకప్పుడు అచ్చంగా మాస్టారంత మనిషి. "రేపట్నించి నేనూ మీతో వస్తా" అన్నారు.

"వద్దు సార్, నేను ఒంటరిగానే నడుస్తాను. మాట్లాడితే ఆయాసం" అని తప్పించుకున్నారు మాస్టారు. ఈ మాట అనుకుని ఆరు వారాలైంది.

ఆ ప్రిన్సిపాల్ గారి పదవీ విరమణ సభ ఆ సాయంత్రం అయిదింటికి. నల్ల కోటు కావాలన్నారు. కొలతలు మాత్రం ఇవ్వలేదు. పద్ధెనిమిదేళ్ళ కిందట మొదటిసారి షాపుకొచ్చినప్పుడు, టేపు పట్టుకున్న బాబాయి షాపు నిండా జనం ఉండగా "నడుము నలభై ఎనిమిదీ!" అని కేకేశాడు. ఆయన మొహం కందగడ్డలా అయిపోయింది. మళ్ళీ టేపు దగ్గరికి రానిస్తే ఒట్టు. మాస్టారే ఒక ఉపాయం కనిపెట్టారు. ఇద్దరిదీ ఒకటే సైజు కనక తన ఒంటికి కుట్టుకుంటే చాలు, ఆయనకి సరిపోతుంది. ఆ సంగతి ప్రిన్సిపాల్ గారికి చెప్పలేదు. కొలతల పుస్తకంలో ఆయన పేరు కింద అంకెలేవీ లేవు. 'నాలాగే' అని ఒక్క మాట ఉంది.

నిన్న సాయంత్రం కూడా ఎప్పట్లాగే మాస్టారు కోటు తను తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డారు. భుజాలు కుదిరాయి, గుండీ పడింది, వీపు మీద ముడత లేదు. "అచ్చు గుద్దినట్టుంది మాస్టారూ!" అన్నాడు బాబాయి. చాలా ఏళ్ళ తర్వాత అద్దంలో తన మెడ తనకి కనిపించినందుకు మాస్టారు మరో రెండు నిమిషాలు అక్కడే ఉండిపోయారు. ఆ సంతోషంలో ఉన్న మనిషికి ఇంక వేరే ఆలోచనేం వస్తుంది?

పది గంటలకి ప్రిన్సిపాల్ గారి గదిలో సగం అట్టపెట్టెలు, సగం పూలగుత్తులు. ఆయన నవ్వుతూ లేచి చేతులు వెనక్కి చాపారు. ఒక చెయ్యి దూరింది. రెండోది మోచేతి దగ్గర ఆగింది. మాస్టారు వెనకనుంచి లాగారు, ఆయన ఊపిరి బిగబట్టారు, చివరికి రెండు చేతులూ ఎలాగో దూరాయి. కానీ గుండీకీ కాజాకీ మధ్య జానెడు దూరం మిగిలిపోయింది.

ఇలాంటి సమయంలో టైలర్ల నోరు బుర్రని అడగదు. ముప్ఫయ్యేళ్ళుగా అలవాటైన మాట దానంతటదే బయటికొచ్చేసింది. "కాస్త ఒళ్ళు చేశారేమో సార్. కోటు మాత్రం పుస్తకంలో కొలతల ప్రకారమే కుట్టాను."

ప్రిన్సిపాల్ గారు రెండు చేతులూ రెక్కల్లా వెనక్కి పెట్టుకుని కుర్చీలో కూలబడ్డారు. "ఆరు వారాలు మాస్టారూ! మీరు చెప్పారని రోజూ అయిదింటికి లేచాను. మొదటి వారం కుక్కలు తరిమాయి. రెండో వారం నుంచి అలవాటుపడి నాతోపాటు నడుస్తున్నాయి. అవి చిక్కాయి. నేను ఒళ్ళు చేశానా?"

మాస్టారు ఏదో చెప్పబోతూ జారుతున్న ప్యాంటు పైకి లాక్కున్నారు. చెయ్యి బెల్టుకి కొత్తగా పొడిచిన నాలుగో రంధ్రానికి తగిలింది. కోటు సరిపోయింది తన ఒంటికి. తన ఒళ్ళు ఇప్పుడు ప్రిన్సిపాల్ గారి ఒళ్ళు కాదు.

"సార్, తప్పు నాది! మీ కొలతలు పుస్తకంలో లేవు. నా ఒంటికి చూసి కుట్టాను..."

"వద్దు మాస్టారూ, ఓదార్చకండి. ఇప్పుడేగా పుస్తకం ప్రకారం కుట్టానన్నారు." ఆయన ముందు కోటు విప్పబోయారు. రాలేదు. పక్కకి వంగారు, రాలేదు. మాస్టారు కోటు చేతుల చివర్లు పట్టుకుని లాగితే కుర్చీ చక్రాలతో సహా మనిషే ముందుకొచ్చారు. "సభ వద్దు, ఏమీ వద్దు" అంటూ ఆయన గడ్డంతో ఫోను మీట నొక్కి ఆఫీసుకి చెప్పేశారు. "నాకేం బాలేదు. ఊపిరాడడం లేదు. సాయంత్రం కార్యక్రమం ఆపేయండి."

కోటు వల్ల అని ఆయన చెప్పలేదు, వాళ్ళు అడగలేదు. రెండు నిమిషాల్లో డ్రిల్లు టీచరు స్ట్రెచర్‌తో ఊడిపడ్డాడు. వెనక వరండా నిండా సిబ్బంది.

"చేతులు బిగుసుకుపోయాయి! కోటు కత్తిరించాలి!" అని డ్రిల్లు టీచరు ప్రథమ చికిత్స పెట్టెలోంచి కత్తెర తీశాడు.

"నా కోటు మీద ఆ కత్తెర పెడితే ఊరుకోను!" అని మాస్టారు అడ్డంగా పడ్డారు.

"మనిషి ప్రాణం పోతుంటే మీకు గుడ్డ ముఖ్యమా?"

సరిగ్గా అప్పుడే మాస్టారి జేబులోంచి "రెండు గుక్కలు! రెండే!" అని కేక. ఎవరో డాక్టరమ్మ ఫోనులో సలహా చెబుతోందనుకున్నాడు డ్రిల్లు టీచరు. ప్రిన్సిపాల్ గారి తల వెనక్కి వంచి సీసాతో నీళ్ళు పోశాడు. సగం నోట్లోకి, సగం కొత్త లైనింగులోకి వెళ్ళాయి.

మాస్టారు జేబులోంచి బ్లేడు తీసి భుజం కుట్టు తనే ఊడదీసి ఆయన్ని విడిపించారు. తర్వాత మూలకి పోయి ఇంటికి ఫోన్ చేశారు. "ఏమే, దారిలో షాపుకెళ్ళి కొలతల పుస్తకం పట్టుకో. బీరువాలో నా పాత నల్లకోటు కూడా తీసుకుని వెంటనే రా."

"సూప్?"

"సూప్ ఎవడిక్కావాలే!"

"అర్థమైంది. తెస్తున్నా."

ఆవిడ అరగంటలో వచ్చింది. ఒక చేతిలో కోటు, ఇంకో చేతిలో ఫ్లాస్కు, చంకలో పుస్తకం. ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు పెట్టుకుని తన పేజీ చదివారు. మళ్ళీ చదివారు. ఒక్క మాట చదవడానికి అంతసేపు పట్టింది.

"పద్ధెనిమిదేళ్ళుగా నేను మీ కోట్లే తొడుక్కుంటున్నానా?"

"క్షమించాలి సార్."

"అయితే నేను ఒళ్ళు చేయలేదన్నమాట." ఆయన మొహం వెలిగింది, వెంటనే ఆరిపోయింది. "మరి మీరూ నడిచారు, నేనూ నడిచాను. మీరు ఇంతగా తగ్గారు. నేనేమో మీ కోటులో పట్టడం లేదు. నా నడకే చాలదు. ఇకమీద రెండు పూటలా నడుస్తా. నిన్నటినుంచి తిండి మానేశాను, ఇంకో వారం మానేస్తా." అని విసురుగా లేచారు. లేచినవారు తూలిపోయి బల్ల పట్టుకున్నారు. డ్రిల్లు టీచరు మళ్ళీ స్ట్రెచర్ వైపు చూశాడు.

మాస్టారు భార్య వైపు చూశారు. ఆవిడ ఫ్లాస్కు మూత తిప్పుతూ ఉండిపోయింది. వరండాలో యాభై మంది చెవులు. ఇప్పుడు నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది, ఎదుటి మనిషి మాత్రం ఆకలితో రోడ్డు మీద పడిపోతాడు. మాస్టారికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"సార్, నేను నడవలేదు."

"అంటే?"

"ఆపరేషన్ చేయించుకున్నాను. పొట్ట కోసి చిన్నది చేశారు."

"ఒక్కరోజు కూడా నడవలేదా?"

"వార్డులో మంచం దగ్గర్నుంచి తలుపు దాకా నడిపించారు సార్. అది నర్సు బలవంతం మీద."

"కుక్కలు తరిమాయి మాస్టారూ!" అన్నారు ప్రిన్సిపాల్ గారు. "ఆరు వారాలు! చెప్పులు తెగాయి!"

"సులువుగా తగ్గిపోయాడని నవ్వుతారనుకున్నాను సార్. సులువేం కాదు. రెండు చెంచాలకే కడుపు నిండిపోతుంది, మనసు మాత్రం ఇంకా కంచం ముందే కూర్చునుంటుంది. ఒక్క చెంచా ఎక్కువైతే ఎక్కిళ్ళు, వాంతులు. దువ్వెన నిండా జుట్టు. ఇంట్లో అందరూ తింటుంటే నేను పక్కగదిలోకి పోయి గుండీలు లెక్కపెట్టుకుంటాను." చెబుతుండగా ఆయనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ గుండీల సంగతి భార్యకి కూడా అప్పుడే తెలిసింది. మూత తిప్పడం ఆపేసింది.

ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే, పడ్డ కష్టం దాచుకుని, పడని కష్టం ఊరంతా చెప్పుకుని తిరిగారన్నమాట."

"అవును సార్."

"మా బడి పిల్లల్లో కూడా ఇంత తెలివితక్కువవాణ్ణి చూడలేదు."

"నేను రోజూ చూస్తున్నానండీ" అంది భార్య. "ముందు ఆ పాత కోటు తొడగండి. ఆపరేషన్‌కి ముందుది, అసలైన కొలత అదే."

పాత కోటు తొడిగారు. చేతులు సునాయాసంగా దూరాయి. గుండీ పడింది. పడి, ఊరుకోలేదు. పొట్ట దగ్గర కోటు గుడారంలా వేలాడింది. మాస్టారు ఒక పక్క గుడ్డ పట్టి చూశారు, ఇంకో పక్క పట్టి చూశారు. ఆయన చేతులు ఎప్పుడూ అబద్ధం చెప్పవు. గబగబా మెడలోంచి టేపు తీసి నడుముకి చుట్టి, పాత అనుభవం గుర్తొచ్చి ప్రిన్సిపాల్ గారి చెవిలో గుసగుసగా చెప్పారు. "నలభై అయిదు సార్."

"ఎంత?"

"నలభై అయిదు. మూడంగుళాలు తగ్గారు."

"గట్టిగా చెప్పండి మాస్టారూ!"

"నలభై అయిదూ!" అని మాస్టారు కేకేశారు. వరండాలో చప్పట్లు మోగాయి. ఇద్దరిలోనూ నడకతో తగ్గినవారు ఒక్కరే, ఆయనకే ఆ సంగతి ఇంతవరకూ తెలియదు. ప్రిన్సిపాల్ గారు ఆ ఆనందంలో ఫ్లాస్కు అందుకుని మాస్టారి సూప్ మొత్తం తాగేశారు.

పాత కోటు నడుము తగ్గించడానికి బాబాయితో కలిసి మాస్టారికి రెండు గంటలు పట్టింది. ఆపేయమన్న సభ అయిదింటికే మొదలైంది. మైకు ముందు ప్రిన్సిపాల్ గారు వంగి "చెప్పమంటారా?" అని మాస్టారిని సైగతో అడిగారు. యాభై మంది విన్న రహస్యానికి ఇంక కాపలా ఎందుకని మాస్టారు తలూపారు. ఆయన అంతా చెప్పారు. ఎవరూ నవ్వలేదు. తర్వాత ముగ్గురు మాత్రం మాస్టారిని పక్కకి పిలిచి డాక్టరు నంబరు తీసుకున్నారు. ఇన్నాళ్ళూ దేనికి భయపడ్డానా అని మాస్టారు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

అంతలో మాస్టారి భార్య ఫ్రిజ్ మీది కాగితం సంగతి చెవిన వేయగానే ప్రిన్సిపాల్ గారు మళ్ళీ మైకు అందుకున్నారు. "రేపటినుంచి నాకు గంటలు లేవు, క్లాసులు లేవు. డాక్టరు చెప్పిన నడక మాస్టారు ఇకమీద నాతోనే నడుస్తారు. తప్పించుకోవడానికి వీల్లేదు, ఇల్లు నాకు తెలుసు." అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది మాస్టారి భార్య. ఇంటికెళ్ళగానే ఫ్రిజ్ మీది టమాటాని తీసి సొరుగులో పడేసింది.

మర్నాడు సరిగ్గా అయిదింటికి గేటు చప్పుడైంది. కొత్త బూట్లతో ప్రిన్సిపాల్ గారు, ఆయన వెనక రెండు కుక్కలు. మాస్టారు వదులు ప్యాంటు ఒక చేత్తో, నీళ్ళ సీసా ఇంకో చేత్తో పట్టుకుని, ఆవలిస్తూ రోడ్డు మీదికొచ్చారు.

తరమడానికి మళ్ళీ ఒక కొత్త మనిషి దొరికినందుకు కుక్కలు మాత్రం చాలా సంతోషించాయి.