చేదుతిత్తికి పిలుపు

ఖంఫుయ్ పొట్ట కోసిన డాక్టర్లు అతని ప్రాణంలో ఒక ముక్క పట్నంలోనే అట్టిపెట్టుకున్నారని పొరుగింటి సొమ్‌వన్ అందట. రేవులో బట్టలుతికే వాళ్లందరి ముందూ అందట. ఆ మాట గట్టెక్కి ఊళ్లోకి వచ్చేసరికి, ఖంఫుయ్ భార్య బువలై అరటాకులు చుట్టి, పూలు గుచ్చి, ఖ్వన్ పిలుపుకి పళ్లెం సిద్ధం చేస్తోంది. ఒంట్లో ముప్పై రెండు అవయవాలు. ఒక్కోదానికీ కావలి కాసే ప్రాణం ఒక ఖ్వన్. జబ్బు చేస్తే అవి బెదిరి చెదిరిపోతాయి. పెద్దవాళ్లతో పిలిపించి, మణికట్టుకి తెల్లదారం కట్టి, మళ్లీ ఎక్కడివక్కడ కూర్చోబెడితే గాని మనిషి మనిషి కాడు.

ఖంఫుయ్ ఇంకా మనిషి కాలేదన్నది మాత్రం నిజం. ఆసుపత్రి నుంచి వచ్చి పడవ దిగిన దగ్గర్నుంచి మాట లేదు. ముద్ద దిగదు. వసారాలో నది వైపు మొహం పెట్టి కూర్చుంటాడు. డాక్టరు బువలైని కూర్చోబెట్టి చెప్పనే చెప్పాడు. ఒంట్లో కొలెస్ట్రాల్ ఎక్కువై పిత్తాశయంలో రాళ్లు కట్టాయి, అందుకే దాన్ని తీసేశాం, పైత్యరసాన్ని తయారుచేసేది కాలేయం, పిత్తాశయం, అదే మీ చేదుతిత్తి, దాన్ని దాచుకునే సంచి మాత్రమే, అది లేకపోయినా హాయిగా బతకొచ్చు అని. బతకొచ్చన్నది బువలైకి అర్థమైంది. బతికినవాడు ఇలా ఎందుకున్నాడన్నదే అర్థం కాలేదు.

ఊరంతా వచ్చింది. నాట్లు అయిపోయాయి. పైగా బువలై తమ్ముడు తుయ్ ఎద్దును కోశాడు. ఛన్‌ఫెంగ్ తాత పళ్లెం ముందు కూర్చుని, కంటి ఖ్వన్‌ని పిలిచాడు. చెవి ఖ్వన్‌ని పిలిచాడు. వాగు దాటి రమ్మన్నాడు, ఆసుపత్రి మెట్లు దిగి రమ్మన్నాడు. కాలేయం దాకా వచ్చి టక్కున ఆగిపోయాడు.

"ఏమైంది తాతా?" అంది బువలై.

"తర్వాతది చేదుతిత్తి. ఇల్లే పీకేశాక దాన్ని ఇంటికి రమ్మని ఎలా పిలవనే?"

"దాన్నొక్కదాన్నీ వదిలెయ్యి."

"మిగతావాటి వెంట గుమ్మం దాకా వచ్చేసుంటుంది. దాని ఇల్లు కనపడకపోతే పక్కనున్న ఒంట్లో దూరుతుంది."

ముందు వరసలో వాళ్లు పొట్టల మీద చేతులు పెట్టుకున్నారు. సొమ్‌వన్ గర్భంతో ఉన్న కోడల్ని లేపి మెట్లు దించేసింది.

"ఎద్దు తిత్తి ఉందిగా!" అన్నాడు తుయ్. "కొన్నాళ్లు అద్దెకుంటుంది."

"ఎద్దుది మనిషికి పెద్దదవదూ?" అన్నారెవరో.

"మా బావది కొలెస్ట్రాల్ ఒళ్లు. ఆయన ఖ్వన్‌కి ఆమాత్రం చోటు కావాలి."

ఆకుపచ్చగా నిగనిగలాడే తిత్తిని గిన్నెలో తెచ్చి పూల పక్కన పెట్టారు. తాత ఖ్వన్‌ని అందులోకి పిలిచాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఈగలు ముసురుతున్నాయని ఎవరో గిన్నెను తీసి వంటవసారాలో నీడన పెట్టారు.

భోజనాలు మొదలయ్యాయి. పచ్చిమాంసం సన్నగా కొట్టి, వేయించిన బియ్యప్పొడి కలిపి చేసిన లాప్ అమోఘంగా కుదిరింది. అంత చేదైన లాప్ ఈ మధ్య తినలేదని మారు వడ్డించుకుని మరీ మెచ్చుకున్నారు. చేతులు కడుక్కునే వేళకి బువలై గిన్నె కోసం వెతికింది.

"తిత్తా? పిండేశాగా వదినా," అంది తుయ్ పెళ్లాం మలా. "చేదు పసరు పడకుండా లాప్ ఏంటి? ఈయన ఎక్కడ పెట్టి చచ్చాడోనని పొద్దుట్నుంచీ వెతుకుతున్నా."

ఎక్కడి చెయ్యి అక్కడే ఆగింది.

"నా కుడి డొక్కలో ఏదో కదుల్తోందే," అంది సొమ్‌వన్ నెమ్మదిగా.

"కదలదూ మరి? మారు వడ్డించుకుంది నువ్వే. మా బావది సగం నీ దగ్గరే ఉంది," అన్నాడు తుయ్.

"అయితే ఆ వలల వ్యాపారి సంగతి?" అన్నారెవరో.

దారిన పోతూ పిలవని భోజనానికి కూర్చున్న వలల వ్యాపారి అప్పటికే పడవెక్కాడు. ఊరు ఊరంతా రేవుకి పరిగెత్తింది. లుంగీలు ఎగ్గట్టినవాళ్లు కొందరు, ఎగ్గట్టడం మర్చిపోయినవాళ్లు కొందరు. గుండెల్లోతు నీళ్లలో దిగి పడవ ముక్కు పట్టుకున్నారు.

"దిగవయ్యా! నీ కడుపులో మా ఖంఫుయ్ ఖ్వన్ ఉంది!"

"నేను తిన్నది రెండు ముద్దలే బాబూ!" అని అతను తెడ్డుని కావలించుకున్నాడు.

"ఒక ముద్దయినా సరే, ఊరు దాటనివ్వం!"

అతన్ని చంకల్లో చేతులేసి దించి తెచ్చారు. తాత చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పాడు. తిన్న ప్రతివాడూ ఖంఫుయ్ మణికట్టుకి దారం కట్టాలి. తన కడుపులో ఉన్న ముక్కని ఇంటికి పొమ్మని నోరారా చెప్పాలి.

వరస కట్టారు. నీళ్లోడుతున్న బట్టలతో ఒక్కొక్కరే ఖంఫుయ్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి పట్టుకుని, "నేను తిన్నది నీదే, నీకే వస్తుంది," అన్నారు. సొమ్‌వన్ ఎందుకైనా మంచిదని మూడు దారాలు కట్టింది. వలల వ్యాపారి పడవ వైపు చూస్తూ కట్టాడు. దారాలు మోచేతి దాకా పాకాయి.

అప్పుడు ఖంఫుయ్ పెదవులు కదిలాయి. బువలై అతని భుజం పట్టుకుంది.

"చూశారా, వచ్చి కూర్చుంది!" అన్నాడు తాత. "ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావురా అబ్బాయ్?"

అందరూ ముందుకు వంగారు. ఖంఫుయ్ దారాల వైపు చూశాడు. వాళ్ల బట్టల్నుంచి కారి, నేల పలకల సందుల్లోంచి కిందికి చుక్కలు కడుతున్న నీళ్ల వైపు చూశాడు.

"నేనెక్కడికీ పోలేదు తాతా. పట్నంలో మంచం మీదే ఉన్నా. తిత్తి కోసం గుండెల్లోతు నీళ్లలో దిగి పడవ ఆపారే, అది నా కడుపులో ఉన్నన్నాళ్లూ బువలై తప్ప మీలో ఒక్కరైనా నన్ను చూడ్డానికి పడవెక్కారా?"