ఐదాకుల పంతులు

ఒక పెద్ద అడవిలో ఏటా తొలకరి గాలికి కాకుల గూళ్ళు కూలిపోయేవి. అది చూసి సింహంగారి కొలువు, కాకులకు గూడు కట్టడం నేర్పాలని ఒక శిక్షణ శాఖ పెట్టి, నక్కను డైరెక్టరుగా వేసింది. నక్క పోగయ్య అనే గిజిగాణ్ణి ఆరు నెలల ప్రొబేషన్ మీద ట్రైనరుగా తీసుకుంది.

పోగయ్య కుర్రవాడు, ఉత్సాహవంతుడు. ఏ సంగతైనా లెక్క కట్టిగానీ నమ్మడు.

మొదటి బ్యాచ్‌కి ఇరవై కాకులు వచ్చాయి. పోగయ్య ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక్కొక్కరి ముందు పుల్లలూ గడ్డిపోచలూ పడేసి, "కట్టండి, ఊపి చూస్తాను. ఊడితే మళ్ళీ కడదాం" అన్నాడు.

"మా అత్త కూడా నాచేత ఇంత చాకిరీ చేయించలేదు," అంది నల్లమ్మ అనే ముసలి కాకి, మూడోసారి ఊడిన ముడి చూసుకుంటూ. "ట్రైనింగ్ అంటే కూర్చోబెట్టి ఫలహారం పెడతారనుకున్నాం గదయ్యా."

"ముడి బిగిశాక పెడతా, పెద్దమ్మా."

సాయంత్రానికి అందరి ముక్కులూ కందిపోయాయి. శిక్షణ ఎలా ఉందో చెప్పడానికి ఆ శాఖలో ఆకులిచ్చే పద్ధతి. బాగుంటే ఐదు, బాగాలేకపోతే ఒకటి. అన్నీ కూడితే ముప్పై ఎనిమిది. సగటు రెండు కూడా లేదు.

నక్క నిట్టూర్చింది. "నాలుగు దాటకపోతే నీ పోస్టు ఖాయం చెయ్యలేను, బాబూ. వెళ్ళి చిలకమ్మగారి దగ్గర మెలకువలు నేర్చుకో."

చిలకమ్మ పుట్టింది చెట్టుతొర్రలో, పెరిగింది చెట్టుతొర్రలో. జన్మలో గూడు కట్టి ఎరగదు. అందుకే ట్రైనర్లకి ట్రైనరయింది.

"క్లాసుకి గడ్డి తీసుకెళ్ళావా?" అని జాలిపడింది. "తమ్ముడూ, పని చేయిస్తే తమకేం రాదో వాళ్ళకి తెలిసిపోతుంది. అది తెలిసినవాడు ఆకులిస్తాడా? ముందు పరిచయాల ఆట ఆడించు. తర్వాత, గూడంటే మీకేమనిపిస్తుందని అడుగు. ఎవరేం చెప్పినా అద్భుతం అను. జామపళ్ళు పెట్టు. పండు నోట్లో ఉండగానే ఆకులు అడుగు."

"మరి గూడు?"

"అది వాళ్ళ తంటా."

రెండో బ్యాచ్‌కీ ఇరవై మందిని వేశారు. ఇద్దరు సెలవు పెట్టారు. మిగతా పద్దెనిమిది మందీ ఆడారు, పాడారు. గూడంటే అమ్మ ఒడి అని ఒకరూ, గూడంటే ఆత్మవిశ్వాసమని ఒకరూ చెప్పి కళ్ళు తుడుచుకున్నారు. మొత్తం తొంభై ఆకులు, సగటు ఐదు. పోగయ్య మూడుసార్లు కూడాడు. మూడుసార్లూ ఒళ్ళు పులకరించింది.

తొలకరి వచ్చింది. గాలి ఒక్క పూట వీచింది.

మర్నాడు పోగయ్య చెట్టు చెట్టూ తిరిగి లెక్క రాశాడు. మొదటి బ్యాచ్ గూళ్ళు ఇరవైలో పదిహేడు నిలిచాయి. రెండో బ్యాచ్‌లో నిలిచినవి రెండే. సెలవు పెట్టిన ఇద్దరూ క్లాసు రోజున ఇంటిపట్టున ఉండి గూళ్ళు బాగుచేసుకున్నారట.

బురదలో పగిలిన గుడ్ల పక్కన కూర్చున్న ఒక కాకి తలెత్తి, "పంతులుగారూ, మీ క్లాసు మాత్రం మరిచిపోలేం," అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే పోగయ్యకి గుచ్చుకుంది.

లెక్క పట్టుకుని నక్క దగ్గరికి పోయాడు. "అయ్యా, ఆకులు రాలని చోటే గూళ్ళు నిలిచాయి. నన్ను మళ్ళీ గడ్డితోనే చెప్పనివ్వండి. పోస్టు పోతే పోయింది."

నక్క పట్టిక రెండుసార్లు చదివింది. దాని ముఖం విప్పారింది.

"మొదటి బ్యాచ్‌లో మళ్ళీ శిక్షణ కావాలన్నవాళ్ళెందరు?"

"ఎవరూ లేరు. వాళ్ళకి వచ్చేసిందిగా."

"రెండో బ్యాచ్‌లో?"

"పద్దెనిమిది మందీ. చుట్టాల్ని కూడా తెస్తామంటున్నారు."

"చూశావా మరి. నీ గడ్డి మాట వింటే రెండేళ్ళలో శాఖ మూసుకోవాలి." నక్క అక్కడికక్కడే ఉత్తర్వు రాసింది: పోగయ్య పోస్టు ఖాయం, హోదా సీనియర్ ట్రైనరు, క్లాసులోకి గడ్డిపోచ తేరాదు.

పోగయ్య ఆ కాగితం మడిచి రెక్క కింద పెట్టుకున్నాడు. బయట కొత్త బ్యాచ్ వరసగా కూర్చుని ఎదురుచూస్తోంది. వెళ్ళి నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ముందుగా అందరం ఒకసారి పరిచయం చేసుకుందాం," అన్నాడు.

నీతి: నేర్చుకున్నవాడు మళ్ళీ రాడు, మళ్ళీ రానివాణ్ణి తయారుచేసే గురువుకి ఉద్యోగం ఉండదు.