కోడలి జడకు పథ్యం

ఆళ్లగడ్డ తాలూకా ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, శేషయ్య భార్య అనసూయమ్మ జడ ఊడిపోతున్నదన్న వార్త నిజమే. డెబ్బై తొమ్మిదిలో రెండో కాన్పు అయి, దాని వెనకే టైఫాయిడ్ వచ్చి పోయి, అంతా సర్దుకుందనుకున్నాక ఈ విపత్తు మొదలైంది. దువ్వెన పెడితే పిడికెడు, పెట్టకపోతే దిండు మీద గుప్పెడు.

ఆ జడ సామాన్యమైనది కాదు. పెళ్లిచూపుల్లో శేషయ్య తల్లి నరసింహమ్మ పిల్ల ముఖం చూడకముందే వీపు చూసింది. అనసూయమ్మ నంద్యాల కాలేజీలో ఇంటర్ చదివింది గానీ, ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు, ఆమెకూ లేదు. జడ ఒక్కటే గుర్తు. పేరంటాల్లో సన్నజడల వాళ్లు కనపడితే "మీ ఊరి నీళ్లు ఉప్పు గదమ్మా, పాపం" అని జాలిపడటం ఆమెకు అలవాటు. ఇప్పుడు దేవుడు ఉప్పునీళ్ల ఊళ్ల తరఫున తీర్పు చెప్పాడని తనలో తానే నవ్వుకుంది.

జడ ఒక్కటే అయితే నరసింహమ్మ అంత కంగారు పడేది కాదు. మాఘంలో కూతురి పెళ్లి. వియ్యంకులు బనగానపల్లె వాళ్లు. కళ్లు పెద్దవి, నోళ్లు అంతకన్నా పెద్దవి. హారతి పట్టాల్సింది కోడలు.

"ఆ నెత్తి చూసినోళ్లు ఏమంటారో తెలుసునా? కోడలికి కూడు పెట్టని కొంప అంటారు. మన పరువేం గావాల?" అంది కొడుకుతో.

కావున మాఘం లోపల జడను యథాస్థానంలో పునఃప్రతిష్ఠించాలని ఇంట్లో ఏకగ్రీవంగా తీర్మానం జరిగింది.

మొదట ముగ్గురూ నంద్యాల పోయారు. అక్కడ మద్దయ్య అనే ముసలి వైద్యుడు నాడి పట్టుకుని, కంటిరెప్ప కిందికి లాగి చూసి, మొగుణ్ణీ అత్తనూ పక్కన పెట్టి సరాసరి రోగితోనే మాట్లాడటమనే మర్యాద తక్కువ పని చేశాడు.

"ఎప్పుడు తింటావమ్మా?"

"అందరూ తిన్నంక, సామీ."

"ఏం తింటావు?"

"మిగిలింది." ఈ మాట అనసూయమ్మ కొంచెం గర్వంగానే చెప్పింది.

"కాన్పూ జొరమూ కలిసి నెత్తురు తాగినాయి. ఇంగ జుట్టుకు తిండి యాడనుంచి వస్తాది? అందరికన్నా ముందు తిను. పాలు, నెయ్యి, నువ్వులు, బెల్లం, ఆకుకూర. మధ్యాన్నం పండుకో. నూనె నీ ఇష్టమొచ్చింది పెట్టుకో. కొన్నాళ్లకు అదే వస్తాది, పో."

బయటికి రాగానే శేషయ్య ముఖం ఎర్రబడింది. "మందియ్యప్పా అంటే మా సంసారం గురించి మాట్లాడతాండాడు! ఈయనేం వైద్యుడు?" అన్నాడు. అనసూయమ్మ కూడా మొగుడి మాటకే తలూపింది. ముందు తినే కోడలిని ఆమె తన జన్మలో చూడలేదు. చూడని మందును నమ్మేదెట్లా?

ఆళ్లగడ్డలో వైద్యశిరోమణి దాసరయ్యను పెట్టుకుని నంద్యాల పోవడమే పొరపాటని తేలింది. ఆయన బోర్డు ఆయన ఇంటికన్నా వెడల్పు. పరస్త్రీని చూడటం ఆయన వైద్యనీతికి విరుద్ధం కనుక, శేషయ్య నెత్తి వైపు చూస్తూ ఉపన్యసించాడు:

"అయ్యా! కేశమనగా సామాన్యము కాదు. పిత్తము ప్రకోపించి శిరస్సున కెక్కినది. వంశములో దోషము లేదు. గృహములో దోషము లేదు. సమస్త దోషమూ పిత్తమునదే!"

గృహంలో దోషం లేదనగానే నరసింహమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. వైద్యమంటే ఇదీ.

గుంటగలగరాకు, మందారాకు, ఉసిరికాయ గంపలతో వచ్చాయి. నూనె కాచే భారం సహజంగా రోగిదే. ఇంటిల్లిపాదికీ వండిపెట్టినాక, అదే పొయ్యి మీద, అదే పొగలో అనసూయమ్మ తన నెత్తికి కూడా వండుకునేది. ముక్కులో చుక్కలు వేశారు. నెత్తికి ఆకుపసరు పట్టించి గుడ్డ చుట్టారు. ఆ వాసనకు దొడ్లో ఎనుము పాలివ్వకుండా తల తిప్పుకుంది. పథ్యం కూడా విధించారు: వంకాయ కూడదు, చింతపండు కూడదు, నువ్వులు వేడి కాబట్టి అసలే కూడదు, రాత్రిపూట లంఖణమే పరమౌషధం. మిగిలింది తినేవాళ్లకు పథ్యం పెట్టడం చాలా సులువు. ఆ మిగిలిన దాంట్లోంచి ఇంకొంచెం తీసేస్తే సరిపోతుంది.

జుట్టు మరింత జోరుగా ఊడింది. దాసరయ్య సంతోషించాడు. "పాత సర్కారు పడిపోతేనే కదా కొత్తది వచ్చేది!" అన్నాడు.

మాఘం వచ్చింది, కొత్త సర్కారు రాలేదు. చివరికి, ఊడిన వెంట్రుకలకు సూదులూ పిన్నీసులూ ఇచ్చి, వాటితో సవరాలు కట్టి అమ్మే ఆదెమ్మను పెరటి దారిన పిలిపించారు.

"ఎవురిదమ్మే ఈ జుట్టు?" అని అడిగింది అనసూయమ్మ, సవరం ఒళ్లో పెట్టుకుని.

"ఎవురిదైతేనేం తల్లీ? కాన్పయినోళ్ల జుట్టే నాకు ఎక్కువ దొరుకుతాది."

"బాగ చూసి చెప్పు. నాది నాకే అమ్ముతాండావేమో."

ఇద్దరూ కడుపుబ్బ నవ్వారు. నవ్వుకు పథ్యం లేదు.

పెళ్లినాడు జడ దిగ్విజయంగా వేలాడింది. బనగానపల్లె ఆడవాళ్లు కళ్లార్పకుండా చూసి "ఏం నూనెమ్మా?" అని ఆరా తీశారు. నరసింహమ్మ దాసరయ్య పేరు చెప్పింది. దాసరయ్య అక్కడికక్కడే లేచి ఆయుర్వేద ప్రాశస్త్యం గురించి నాలుగు ముక్కలు చెప్పాడు. చప్పట్లు కొట్టారు.

తర్వాత భోజనాలు. మగవాళ్ల బంతులు ఒకటి లేస్తుంటే ఒకటి కూర్చుంటున్నాయి. పొద్దు వాలింది. ఓళిగలు వడ్డిస్తున్న అనసూయమ్మ కళ్లు తిరిగి, గోడకు చెయ్యి ఆనించింది. ఆ గోడ పక్కనే ఒక ఇస్తరాకు ఖాళీగా ఉంది. అందులో తినాల్సిన వియ్యంకుడి తమ్ముడు ఇంకా బయట చేతులు కడుక్కుంటున్నాడు. అనసూయమ్మ ఓళిగల గిన్నె కింద పెట్టింది. ఆకు ముందర కూర్చుంది. నీళ్లు చల్లి ఆకు తుడుచుకుంది.

"అన్నం తెండి," అంది.

పందిరి మొత్తం గుటకలు వేయడం ఆపేసింది. నరసింహమ్మ ఉరుకుతూ వచ్చింది.

"ఏందిమే ఇది? మొగోళ్ల బంతిలో! లెయ్, మన పరువు పోతాది!"

"తిని లేస్తానత్తా. ఆకలైతాంది."

వంగి మొదటి ముద్ద కలుపుతుంటే సవరం ముడి జారి, వెనక నేల మీద పడింది. ఆమె తిరిగి చూడలేదు.

అన్ని కళ్ల నడుమ ఊడిపడిన ఆ జడ ఒక్కరి కంటా పడలేదు. ఆకు ముందర కూర్చున్న కోడలు మాత్రం నాలుగు తాలూకాలకు ఇప్పటికీ కనపడుతూనే ఉంది.