మంత్రిగారి హస్తవాసి

వచ్చే ఉగాది నాటికి కృష్ణా డెల్టాలో గుండెపోటు అన్నదే లేకుండా చేస్తామని వైద్యశాఖ మంత్రి అంకమ్మరావుగారు విజయవాడ సభలో ప్రకటించారు. అంతవరకు కాస్త ఓపిక పట్టాలని గుండెజబ్బు రోగులకు విజ్ఞప్తి చేశారు. చప్పట్లు మోగాయి. ఆ వార్త రాసే భాగ్యం మా పత్రిక తరఫున నాకే దక్కింది.

మంత్రిగారికి అంత ధైర్యం ఊరికే రాలేదు. వేదిక మీద ఆయన పక్కనే డాక్టర్ ఉమామహేశ్ గారు కూర్చున్నారు. భవానీపురంలో మా వీధే. వయసంతా మనుషుల మణికట్ల మీద పరిశోధనకే ధారపోసిన గుండె డాక్టరు. గుండెలో పూడిపోయిన నాళాన్ని తెరవడానికి సన్నటి గొట్టాన్ని తొడ నుంచి పంపిస్తే, రోగి ఆ తర్వాత కాలు కదపకుండా పడుకోవాలి. మణికట్టు నుంచి పంపిస్తే సాయంత్రానికి లేచి కూర్చుని కాఫీ తాగొచ్చు. అయితే మన ఆడవాళ్ల మణికట్టు నాళాలు మరీ సన్నం. గొట్టం తగలగానే బిగుసుకుపోతాయి. అలా బిగుసుకోకుండా పంపే ఉపాయం కనిపెట్టింది ఈయనే. విదేశీ వైద్య పత్రికలు ఆయన వ్యాసాలను అచ్చువేశాయి. పనిచేద్దామంటే మాత్రం మన ప్రభుత్వాసుపత్రిలో గొట్టానికి దారి చూపే ఎక్స్‌రే మిషన్, అదే క్యాథ్ ల్యాబ్, లేదు. ఆదివారాలు ఒక స్నేహితుడి ప్రైవేటు ల్యాబ్ బతిమాలుకుని పేదవాళ్లకు చేస్తుంటారు.

సభ అయ్యాక డాక్టరుగారు మెల్లగా కదిపారు.

"సార్, ప్రభుత్వాసుపత్రికి ఒక క్యాథ్ ల్యాబ్..."

"అదెంతసేపండీ! ముందు ఇది చెప్పండి. మీ రీసెర్చి పేపర్లలో నా పేరెందుకు లేదు?"

"మీరు అందులో పని చెయ్యలేదు కదండీ."

"పనిచేసినవాళ్ల పేర్లన్నీ వేస్తూ పోతే పేపరు సరిపోద్దా? నాయకత్వం వహించినవాడి పేరు వెయ్యాలి గానీ!"

తర్వాతి వ్యాసంలో మొదటి పేరు మంత్రిగారిది. ఈ పరిశోధనలో ఆయన పాత్ర ఏమిటని ఆ వైద్య పత్రికవాళ్లు అడిగారు. 'స్ఫూర్తి' అని పీఏ జవాబిచ్చాడు. వ్యాసం వెంటనే తిరిగొచ్చింది. మంత్రిగారు అధైర్యపడే మనిషి కాదు.

"కాయితాలతో మనకేం పనండీ? ప్రాక్టికల్‌గా చూపిద్దాం. నన్ను పక్కన నిలబడనివ్వండి, మీ మిషన్ సంగతి నేను చూసుకుంటాగా!"

ఆ ఆదివారం రోగి మంగళగిరి హనుమాయమ్మ. మగ్గం మీద పుట్టిపెరిగిన మనిషి. ఈమధ్య నాలుగడుగులేస్తే గుండె పట్టేస్తోంది. మణికట్టుకే మత్తు కాబట్టి బల్ల మీద పడుకుని అందరినీ నిదానంగా చూస్తోంది. మంత్రిగారు పచ్చ గౌను, మూతికి మాస్కు, ఒంటి మీద ఎక్స్‌రే ఆపే సీసపు కవచంతో ప్రవేశించారు. అద్దం అవతల ఫొటోగ్రాఫరూ, నేనూ ఉన్నాం.

"ఆ లావుపాటాయనెవరు బాబూ? కొత్త డాక్టరా?" అని డాక్టరుగారిని అడిగింది హనుమాయమ్మ.

"మినిస్టరుగారమ్మా."

"మినిస్టరా! ఓరి నాయనో! నన్ను దింపండయ్యా, మంగళగిరికి నడిచే పోతాను!"

"ఆయన దేన్నీ ముట్టుకోరమ్మా. ఫొటోకి నిలబడ్డారంతే."

"ఆ మాట ఆయన్నే చెప్పమను."

ముట్టుకోనని మంత్రిగారు దుర్గమ్మ మీద ఒట్టేశారు. ముట్టుకోలేదు కూడా. ప్రజాజీవితంలో ఆయన నిలబెట్టుకున్న తొలి హామీ అదేనని అనుచరులు గర్వంగా చెప్పుకున్నారు.

డాక్టరుగారు నాళం తెరిచారు. సాయంత్రం హనుమాయమ్మ లేచి కూర్చుని, కాఫీలో పంచదార చాల్లేదని నర్సును కేకలేసింది. మర్నాడు మా పత్రికలో 'మంత్రి చేతుల మీదుగా ప్రాణదానం' అని వచ్చింది. డాక్టరుగారి పేరు కూడా రాశాను గానీ స్థలాభావం వల్ల ఎగిరిపోయింది.

ఆ రోజు నుంచి మంత్రిగారింటి ముందు గుండె పట్టుకున్నవాళ్ల బారులు. ఆయన ఒక్కొక్కరి మణికట్టూ పట్టుకుని, కళ్లు మూసుకుని, తల పంకించి, డాక్టరుగారి దగ్గరికి పంపేవారు. అంతా సవ్యంగా సాగుతుండగా పార్టీ అధ్యక్షులవారి మేనత్త పద్మావతమ్మగారికి గుండెలో నాళం పూడినట్టు తేలింది. ఆవిడ మా పత్రిక పాఠకురాలు.

"చేస్తే అంకమ్మరావే చెయ్యాలి. అతని హస్తవాసి మంచిదట" అని పట్టుబట్టారు. అధ్యక్షులవారు స్వయంగా ఫోన్ చేశారు.

మంత్రిగారు పరుగున భవానీపురం వచ్చారు. నేనప్పుడు డాక్టరుగారింట్లో కాఫీ తాగుతున్నాను.

"మీరే కాపాడాలి డాక్టరుగారూ!"

"దాందేముందండీ. మొన్నట్లాగే మీరు నిలబడండి, నేను చేస్తాను. కాకపోతే మీరు పంపే జనాన్ని చూసి బెదిరిపోయి మా స్నేహితుడు ల్యాబ్ ఇక ఇవ్వనన్నాడు. ప్రభుత్వాసుపత్రిలోనే ఒక మిషన్ ఉంటే..."

"అన్నాళ్లు ఆగొచ్చంటారా ఆవిడ?"

"తొందరపడాల్సిన కేసు కాదు, మందులతో ఆపగలను. మీ దగ్గరున్న మిషన్ ఫైలు ఎన్నాళ్లు ఆగుతుందో మీరే చెప్పాలి."

ఏళ్ల తరబడి సచివాలయంలో కూర్చున్న ఫైలు లేచి పరుగెత్తింది. మిషన్ వచ్చింది. డాక్టరుగారు దాన్ని పసిబిడ్డను నిమిరినట్టు నిమరడం నేను కళ్లారా చూశాను.

పద్మావతమ్మగారు భయంతో ఆపరేషన్ అయ్యేదాకా కళ్లు గట్టిగా మూసుకునే ఉన్నారు. తెరిచేసరికి ఎదురుగా మంత్రిగారు నిలబడి చెమట తుడుచుకుంటున్నారు.

"చల్లటి చెయ్యి నాయనా!" అని దీవించారు.

వారం తిరక్కుండా సన్మానసభ. పెద్ద పదవేదో రాబోతోందని మంత్రిగారు కొత్త బట్టలు కుట్టించుకుని వచ్చారు. అధ్యక్షులవారు మైకందుకున్నారు.

"ఇంత గొప్ప చేతులతో ఫైళ్ల మీద సంతకాలు పెట్టించడం ప్రజాద్రోహమని మా మేనత్త నన్ను కోప్పడింది. అందుకే అంకమ్మరావుగారిని మంత్రి పదవి భారం నుంచి తప్పిస్తున్నాం. రేపటి నుంచి ఆయన కొత్త ల్యాబ్‌లోనే ఉండి, పూర్తికాలం ప్రజల గుండెలకు సేవ చేస్తారు!"

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది అంకమ్మరావుగారే. అలవాటు.

మర్నాడు పొద్దున్నే నేను ఆ వార్త కోసం ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరుగారు పచ్చ గౌను చేత్తో పట్టుకుని ల్యాబ్ గుమ్మంలో ఎదురుచూస్తున్నారు.

"రండి సార్, పేషెంటు బల్ల మీద ఉన్నాడు."

అంకమ్మరావుగారు గడప ఇవతలే ఆగారు. "ఏమంటున్నాడు?"

"గుండె దడగా ఉందంటున్నాడు. కాళ్లు వణుకుతున్నాయట, చెమటలు పడుతున్నాయట."

"నాకూ అవేనండీ. అతన్ని కాస్త ఆగమని, ముందు నన్ను చూడండి."