మధ్యగదికి మనిషి కావలెను

కూడు, గూడు, గుడ్డ అందరికీ అందాయో లేదో తేలకముందే, గదికో వైఫై పెట్టె ఉండాలని ఈ కాలం తీర్మానించేసింది. తీర్మానం మంచిదే. దాని అమలు జగ్గయ్యపేటలో ఒక ఇంట్లో చూశాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ఇల్లు వెంకటకృష్ణారావు గారిది. విత్తనాలు, ఎరువుల వ్యాపారం. మా వత్సవాయి వైపు పత్తి వేసేవాళ్ళలో సగం మంది ఆ కొట్టు బల్ల మీద కూర్చుని లేచినవాళ్ళే. ఇల్లు రైలుపెట్టెలా పొడుగు. వీధివైపు కొట్టు, దాని వెనక ఖాళీ గోతాలు పడేసే మధ్యగది, ఆ వెనక హాలు, వంటిల్లు, వంటింటి పైన మేడగది. మేడగదిలో కోడలు సింధూర హైదరాబాదు కంపెనీకి ఉద్యోగం చేస్తుంది. (ఇంట్లోవాళ్ళు దీన్ని "పైన కూర్చుంటుంది" అంటారు.)

ఇంటర్నెట్ తీగ వీధిలోంచి వచ్చి గల్లాపెట్టె పక్కన ఒక తెల్ల పెట్టెలో ఆగుతుంది. అది రౌటరు. దాని సిగ్నల్ గల్లా దగ్గర నిండుగా, మధ్యగదిలో సగంగా, హాల్లో మొహమాటంగా ఉండి, మేడమెట్లు చూసి వెనక్కి తిరిగేది. పొద్దుటి మీటింగులో సింధూర "గుడ్ మార్నింగ్ సర్" అంటే హైదరాబాదుకు "గుడ్" వరకే చేరేది.

కంపెనీవాళ్ళు మర్యాదస్తులు. మీటింగులో మనిషి ఇలా మాయమవుతుంటే హైదరాబాదు ఆఫీసుకు వచ్చి కూర్చోవాలనీ, అది కుదరకపోతే మానుకోవాలనీ మర్యాదగానే చెప్పారు. కోడలు హైదరాబాదు హాస్టల్లో ఉండటానికి ఆ ఇంటి నిబంధనల్లో చోటు లేదు.

"ఈ ఇంటికి నేను తెచ్చుకున్నవాటిలో అత్తయ్యగారి బీరువాలోకి వెళ్ళనిది ఈ ఉద్యోగం ఒక్కటేనండీ. ఇది పోతే మళ్ళీ రాదు," అని సింధూర భర్త లక్ష్మీకాంత్‌తో అనడం, పత్తికి ఖాళీ గోతాల కోసం వెళ్ళి మధ్యగదిలో లెక్కపెట్టుకుంటూ నేను విన్నాను. (గోతాల లెక్క తప్పింది.)

లక్ష్మీకాంత్ మంచివాడు. మూడు పెట్టెల మెష్ తెప్పించాడు. మెష్ అంటే చేతులు మారే బిందెల వరస లాంటిది. మొదటి పెట్టె రౌటరు దగ్గర సిగ్నల్ తీసుకుంటుంది, రెండోది మధ్యగదిలో నిలబడి అందుకుంటుంది, మూడోది మేడమీద పోస్తుంది. మధ్యది లేకపోతే పైదానికి చుక్క రాదు.

కలిపే దగ్గర అధికార సమస్య వచ్చింది. పాత రౌటరూ, కొత్త మెషూ ఇంట్లో ఉన్న ఫోన్లన్నిటికీ నేను పెద్దంటే నేను పెద్దని హుకుంలు జారీ చేయసాగాయి. ఫోన్లు అలవాటు కొద్దీ పాతదాన్నే పట్టుకుని వేలాడాయి. తీగ కంపెనీకి ఫోన్ చేస్తే "మా బాధ్యత మా పెట్టె వరకేనండి" అన్నారు. మెష్ కంపెనీకి చేస్తే "మా పెట్టె దగ్గర్నుంచేనండి మా బాధ్యత" అన్నారు. రెండింటి మధ్యా ఉన్న మూరెడు తీగ ఎవరి పరిధిలోకీ రాలేదు. (రాష్ట్ర సరిహద్దులో రెండు బోర్డుల మధ్య లారీ ఆగిపోయినవారికి ఇది వివరించనక్కర్లేదు.)

చివరికి తీగ కంపెనీ మెకానిక్ బుల్లిబాబు వచ్చాడు.

"పాతదాంట్లో వైఫై ఆపెయ్యాలండి. తీగ అందుకుని కొత్తదానికి ఇచ్చేస్తే చాలు. ఇక పెత్తనమంతా కొత్తది చూసుకుంటది."

వెంకటకృష్ణారావు గారు గల్లా దగ్గర్నుంచి కదల్లేదు. "బాగా పనిచేసేదాన్ని ఎందుకయ్యా ఆపడం?"

"ఆపట్లేదండి. లైట్లు వెలుగుతానే ఉంటయ్. ఉన్నట్టే ఉంటది."

"ఉన్నట్టే ఉంటుందా?"

"ఉన్నట్టే ఉంటదండి. పని ఉండదంతే."

ఆయన కొడుకు మొహంలోకి చూసి, సరేనన్నారు. (కొట్టు కొడుకు పేరు మీదకు మారి చాలాకాలమైంది. గల్లా కుర్చీ ఇంకా మారలేదు.)

ఆ పూటే ఇల్లంతా సిగ్నల్ నిండింది. మర్నాడు సింధూర చెప్పిన "గుడ్ మార్నింగ్ సర్" ఒక్క అక్షరం పోకుండా హైదరాబాదు చేరింది. ఆ తర్వాతి మాట చేరలేదు.

కారణం ఆ ఇంటి రాజ్యాంగం. అందులో మొదటి అధికరణ: మనిషి లేని గదిలో కరెంటు ఉండరాదు. అమలు అధికారి సింధూర అత్తగారు తాయారమ్మ గారు. ఆవిడ ఏ గుమ్మం దాటుతున్నా చెయ్యి దానంతటది బోర్డు మీదికి వెళ్ళి, స్విచ్‌లన్నిటినీ అరచేత్తో ఒక్కసారే పైకి తోసేస్తుంది. చూస్తూ చేసే పని కాదు, రెప్ప వేసినట్టు జరిగిపోతుంది. ఆవిడ కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో ఊరికే ఒక బల్బు వెలగలేదు. కొట్టు ఇంతైంది అందుకేనంటారు. అయ్యుండొచ్చు. మెష్ శాస్త్రం మాత్రం మధ్య పెట్టె మధ్యలోనే ఉండాలంటుంది. మధ్యగదిలో గోతాలుంటాయి, మనుషులుండరు.

"అత్తయ్యా, ఆ గదిలో ఒక్క స్విచ్ వదిలెయ్యండి."

"ఎవరున్నారమ్మా అందులో?"

"ఎవరూ లేరు. పెట్టె ఉంది."

"పెట్టెకు కరెంటెందుకమ్మా, అదేమన్నా చదువుకుంటుందా?"

లక్ష్మీకాంత్ స్విచ్ పక్కన "ఆపరాదు" అని కాగితం అంటించాడు. ఆవిడ కాగితం నలక్కుండా జాగ్రత్తగా ఆపారు. స్విచ్ మీద టేపు వేశాడు. శుక్రవారం ఇల్లు తుడిచినప్పుడు తడిగుడ్డతో పాటు టేపు వెళ్ళిపోయింది. పెట్టెను హాల్లోకి జరిపాడు. కొట్టుకు దూరమై అది ఎర్రలైటు వేసుకుని అలిగి కూర్చుంది. ఈలోగా సింధూర టీం లీడర్ గీతాంజలి ఫోన్ చేసి, "ఇంకా ఇలాగే ఉంటే నా చేతుల్లో ఏమీ ఉండదు సింధూరా" అంది.

ఇంటిసభ జరిగింది. రాజ్యాంగం మార్చడానికి తాయారమ్మ గారు ఒప్పుకోలేదు. అయితే దారి రాజ్యాంగంలోనే ఉందని వెంకటకృష్ణారావు గారు కనిపెట్టారు. మనిషి లేని గదిలోనే కదా కరెంటు ఉండకూడనిది? మనిషిని పెడితే సరి.

మనిషి నందిగామ నుంచి వచ్చారు. తాయారమ్మ గారి తమ్ముడు కొండలరావు గారు. నందిగామలో ఏం చేస్తుంటారని అడిగితే "అన్నీ చూసుకుంటుంటాడు" అనేవారు. ఆయన రావడంతో అక్కడ చూసుకోకుండా ఆగిపోయింది ఏదీ లేదు. మధ్యగదిలో ఆయనకు మడతకుర్చీ వేశారు. విధి: ఉండటం. మనిషి ఉన్నారు కనుక లైటు వచ్చింది. గాలాడదు కనుక ఫ్యాను వచ్చింది. పొద్దుపోదు కనుక టీవీ వచ్చింది. టీవీ కొత్త సిగ్నల్ మీదే నడుస్తుంది. (మేడగదికి వెళ్ళాల్సిన సిగ్నల్‌లో కొంత కాపలా ఖర్చుల కింద పోయేది. మిగిలింది బ్రహ్మాండంగా ఉండేది.)

గోతాలకు వెళ్ళి పలకరించాను. "ఖాళీగా ఉన్నారాండీ?"

"ఖాళీ ఎక్కడయ్యా! నేను లేస్తే మా అక్క స్విచ్ కట్టేస్తది. అటు హైదరాబాదు ఆగిపోద్ది. దొడ్లోకి పోవాలన్నా బదులు మనిషి కావాలి. కాస్త ఇట్టా కూర్చుంటావా?"

కూర్చున్నాను. నేను కూర్చున్నంతసేపూ లైను తెగలేదని సింధూర తర్వాత చెప్పింది. సాంకేతిక రంగంలో నాకు వచ్చిన మెప్పు అదొక్కటే.

డ్యూటీలో ఉన్న మనిషికి వేళకు టీ అందాలి. ఆయన లేవకూడదు కనుక తెచ్చివ్వాలి. ఎవరు తెచ్చివ్వాలి? పొద్దుటిపూట తాయారమ్మ గారు పూజలో ఉంటారు. లక్ష్మీకాంత్ కొట్లో ఉంటాడు. వెంకటకృష్ణారావు గారు గల్లా దగ్గర ఉంటారు. పైన ఎటూ ఒక మనిషి కూర్చునే ఉంది.

"అమ్మాయ్ సింధూరా! బాబాయికి టీ!"

"మీటింగులో ఉన్నా అత్తయ్యా!"

"వాడు కూర్చుంది నీ మీటింగు కోసమే కదమ్మా!"

సింధూర కిందికి దిగేది. టీ పెట్టి మధ్యగదికి తీసుకెళ్ళేది.

"అల్లం వేశావా అమ్మాయ్?" అనేవారు కొండలరావు గారు టీవీ మీంచి కళ్ళు తీయకుండా.

"రేపు వేస్తా బాబాయిగారూ."

"పోన్లే, నీకు మీటింగు కదా. నాకేం తొందర లేదు. వేసుకునే రా."

మౌస్ కాసేపు కదలకపోతే కంపెనీ కంప్యూటరు మనిషి పేరు పక్కన ఉన్న పచ్చచుక్కను పసుపుపచ్చ చేస్తుంది. టీ మరగడానికి అంతకంటే ఎక్కువసేపు పడుతుంది. మెట్లెక్కి వచ్చేసరికి గీతాంజలి పిలుస్తూ ఉండేది.

"సింధూరా, పలకవే? మళ్ళీ నెట్టేనా?"

కంపెనీ ఒప్పుకునే కారణాల్లో నెట్ ఉంది, కరెంటు ఉంది, జ్వరం ఉంది. టీ లేదు.

"నెట్టే మేడమ్."

"అయితే తేల్చుకో. బాగు చేయించావా సరే, లేకపోతే సోమవారం నుంచి ఇక్కడికి రావాలి. నేనిక ఆపలేను."

ఇల్లు కంగారుపడింది. బుల్లిబాబును మళ్ళీ పిలిచారు. అతను కొట్లో, మధ్యగదిలో, మేడమీద తిరిగాడు. లక్ష్మీకాంత్ ఫోన్లో మూడు పెట్టెల చరిత్రా వెనక్కి జరిపి జరిపి చూశాడు.

"ఎక్కడా తెగలేదండి. కొండలరావు గారు కూర్చున్న కాడ్నించి బంగారంలా ఉంది."

కొండలరావు గారు కుర్చీలో సర్దుకుని, వీపు నిటారు చేశారు.

"మరి మా కోడలు మాటిమాటికీ ఎట్టా మాయమవుతోందయ్యా?" అని వెంకటకృష్ణారావు గారు కొట్లోంచి కేకేశారు.

అందరూ సింధూర వైపు చూశారు. ఆమె చేతిలో కొండలరావు గారి టీ గ్లాసు ఉంది.

"లైను ఉంటోంది మావయ్యగారూ. నేనే ఉండట్లేదు," అంది. "కింద టీ పెడుతున్నా."

కొండలరావు గారు టీవీ నోరు నొక్కేశారు. తాయారమ్మ గారు కొడుకు వంక చూశారు. కొడుకు బుల్లిబాబు వంక చూశాడు. బుల్లిబాబు తన పరిధిలో ఉన్న తీగ వంక చూశాడు.

వెంకటకృష్ణారావు గారు గల్లా కుర్చీలోంచి లేచి మధ్యగదిలోకి నడిచి రావడం నేను చూడటం అదే మొదలు. గ్లాసు చూశారు. కోడల్ని చూశారు.

"తప్పు మాదేనమ్మా," అన్నారు. "ఇన్నాళ్ళూ ఈ సంగతి ఒక్కరికీ తట్టలేదు."

సింధూర కళ్ళు తుడుచుకుంది. "పర్లేదు మావయ్యగారూ."

ఆయన కొడుకు వైపు తిరిగారు. "బుద్ధుందంట్రా నీకు? వంటింట్లో పెట్టె ఎందుకు పెట్టించలేదు?"

నాలుగో పెట్టె వచ్చింది. వంటింటి అలమరలో కందిపప్పు డబ్బాకూ చింతపండు డబ్బాకూ మధ్య దాన్ని పెట్టారు. స్టవ్ పక్కన గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టారు. ఒక చేతిలో గరిటె, ఒక చేతిలో మౌస్. సింధూర పేరు పక్కన చుక్క ఇప్పుడు పొద్దస్తమానం పచ్చగా ఉంటుంది. హైదరాబాదువాళ్ళకు ఆమె వెనక సముద్రం బొమ్మ కనిపించే ఏర్పాటు ఉంది. ఒకరోజు సార్ అదేం చప్పుడని అడిగితే కుక్కరండి అందట. బీచ్‌లో కుక్కరేమిటని అందరూ నవ్వారట. ఉద్యోగం నిలబడింది. ఈ మధ్య మెచ్చుకుంటూ కంపెనీ ఒక మెయిల్ కూడా పంపింది. ఆమె దాన్ని పోపు మాడకముందే చదివేసిందట.

కొండలరావు గారు మధ్యగదిలో పర్మనెంటు అయ్యారు. టీలో అల్లం ఉంటోంది.

తాయారమ్మ గారు ఇప్పటికీ ఏ గుమ్మం దాటినా చెయ్యి బోర్డు మీదికి వెళ్తుంది. వంటింటి స్విచ్‌ను మాత్రం ఇంతవరకూ ఆపాల్సిన పని పడలేదు. ఆ గదిలో ఎప్పుడూ మనిషి ఉంటుంది.